వాపస్ రాక యాడికి పోతం సారూ!

అమెరికా చట్టానికి మా కొత్తకోట ముసలోళ్ల మీద గట్టి అనుమానం ఉంది. 1952 నాటి వలస, జాతీయత చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్. చుట్టపుచూపుగా వస్తానని దరఖాస్తు పెట్టుకున్న మనిషి అక్కడే పాతుకుపోవడానికి వస్తున్నాడనే దాని లెక్క. కాదని ఆఫీసర్‌ను ఒప్పించే భారం దరఖాస్తు పెట్టినవాడిదే. మన కోర్టుల్లో జేబుదొంగకైనా నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అన్న మర్యాద దక్కుతుంది. మనవణ్ని చూడబోయే తాతకు అదీ లేదు.

మా వాడ పెద్దనాయినకు, పెద్దమ్మకు ఈ సెక్షన్ల సంగతి తెలియదు. డల్లాస్‌లో కోడలికి నెలలు నిండుతున్నాయన్నది ఒక్కటే తెలుసు. కొడుకే ఒకసారి వచ్చి పోవచ్చు కదా అంటారా? వస్తే మళ్లీ పోవడానికి పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగ్ పడాలి. అది ఆగిందంటే ఇల్లు, కారు, అప్పు అక్కడ, తాను ఇక్కడ. అందుకని కదలగలిగినవాడు కదలడు, మోకాళ్ల నొప్పులవాళ్లు సముద్రాలు దాటాలి.

మొదటి మెట్టు పాస్‌పోర్టు. మహబూబ్‌నగర్ పోస్టాఫీసులోని సేవా కేంద్రానికి పోతే తేలిందేమిటంటే, మొగుడూ పెళ్లాలిద్దరూ జనవరి 1నే పుట్టారు. వింతేమీ లేదు. ఆధార్ కార్డుల ప్రకారం మా వాడ పెద్దల్లో చాలామంది పుట్టింది అదే రోజు.

రెండో మెట్టు డీఎస్-160 అనే ఆన్‌లైన్ ఫారం. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పిల్లగాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ప్రశ్నా చదువుతున్నాడు.

“పెద్దనాయినా, ఎప్పుడన్న ఉగ్రవాద పనులు జేసినవా?”

“ఏందిర, నోటికి ఎంతొస్తె అంత అడుగుతవా?”

“నేను గాదు, అమెరికా అడుగుతుంది. జాతి హత్యలల్ల ఉన్నవా? గూఢచారి పని చేయనీకె పోతున్నవా? మత్తుమందు అలవాటున్నదా?”

“తంబాకు తింట.”

“అది లెక్కల రాదు. తుపాకులు, పేలుడు సామాన్లు, అణుబాంబులు... వీటిల్ల ఏమన్న అనుభవం ఉన్నదా?”

పెద్దనాయిన అబద్ధమాడే మనిషి కాదు. కండ్లు మూసుకుని యాది చేసుకున్నాడు. “ఇందిరమ్మ పోయిన ఏడు మన చెల్కల బాయి తవ్వుతుంటె బండ పడ్డది. తోటాలు పెట్టి పేల్చినం. వత్తి నేనే అంటువెట్టిన. రాస్కో.”

పిల్లగాడి చేతులు కీబోర్డు మీంచి లేచాయి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, “అది బాయి పెద్దనాయినా, బాంబు గాదు. ఈ ముచ్చట ఇంక ఎవ్వలకు జెప్పకు” అని, లేదన్న చోట నొక్కాడు. నీళ్లు పడని బాయి ఇన్నేళ్ల తర్వాత వీసాకు అడ్డం పడేదే.

మూడో మెట్టు ఫైలు. తిరిగొస్తారని నమ్మించాలంటే ఇక్కడ ఆస్తి ఉందని చూపాలన్నాడు వీసా కన్సల్టెంటు. దాంతో చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర నెట్‌వర్త్ సర్టిఫికెట్ తయారైంది. కలిసిరాని ఏడు పల్లికాయ విత్తనం ఖర్చు కూడా తిరిగివ్వని చెల్క, 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గరుందన్న పుణ్యానికి కాగితం మీద కోట్లయి కూర్చుంది. చిక్కొకటే, పట్టా పాస్‌బుక్కులో పెద్దనాయిన ఇంటిపేరు తప్పు పడింది. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూ భారతి వచ్చింది, ఇంటిపేరు మాత్రం దారికి రాలేదు. తెలంగాణ సర్కారే ఇంకా పూర్తిగా ఒప్పుకోని భూమిని చూపించి అమెరికా సర్కారును ఒప్పించాలి. ఇంత చేసి మోసుకుపోయిన ఫైలును ఇంటర్వ్యూలో కిటికీ అవతలి ఆఫీసర్లు చాలాసార్లు తెరవమని కూడా అనరు.

నాలుగో మెట్టు తాలీము. రాత్రిపూట డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో కొడుకే ఆఫీసర్ వేషం కడతాడు. “ఎందుకు పోతున్నరు?” అంటే పెద్దమ్మ మురుసుకుంట, “కోడలు కానుపుకు” అంటుంది. “అమ్మా, ఎన్నిసార్లు జెప్పాలె? కానుపు అనొద్దు. పిల్లగాన్ని ఎత్తుకుంట అనొద్దు. వంట జేస్త అనొద్దు. ఊరు చూడనీకె అను.” “ఏం ఊరు బిడ్డా?” “నయాగరా.” “అది మీ ఇంటికి దగ్గెరనా?” కాల్ కాసేపు మూగబోతుంది. డల్లాస్‌కూ నయాగరాకూ మధ్య ఉన్న దూరం చెబితే పెద్దమ్మ ఈ ప్రయాణమే మానుకుంటుందని కొడుకు భయం.

ఈ నాటకం ఎందుకంటే టూరిస్టు వీసా మీద పని చేయకూడదు. న్యాయమే. కానీ పక్క గదిలోకి తొంగి చూడండి. అమెరికాలో ప్రైవేటు కొలువు చేసే బాలింతకు జీతంతో సెలవు ఇచ్చి తీరాలన్న జాతీయ చట్టమే లేదు. 1993లో తెచ్చిన చట్టం 12 వారాల సెలవు ఇప్పిస్తుంది, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. మరి మూడు నెలల పసిగుడ్డును ఎవరు చూడాలి? డేకేర్ ఫీజు వింటే కొడుక్కి కండ్లు తిరుగుతాయి. అప్పుడు గుర్తొచ్చేది కొత్తకోట. ఒక ఆరు నెలలు పిల్ల తల్లిదండ్రులు, ఇంకో ఆరు నెలలు పిలగాని తల్లిదండ్రులు, షిఫ్టు డ్యూటీ. ఈ టూరిస్టులు రోజూ దర్శించే ప్రదేశాలు వంటగది, ఉయ్యాల, బట్టల మిషను. అగ్రరాజ్యం తన బాలింతలకు ఇవ్వని సెలవు లోటును మా పెద్దమ్మ జీతం లేకుండా పూడుస్తుంటే, ఆమెనే ఆ రాజ్యం అనుమానంగా చూస్తుంది.

అనుమానం ఊరికే రాదు, దానికి రుసుము ఉంది. 2023 జూన్ నుంచి మనిషికి 185 డాలర్లు, వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా వాపస్ లేదు. 2025 జూలైలో ట్రంపు సంతకం పెట్టిన పెద్ద చట్టంలో వీసా వచ్చినవాళ్ల మీద ఇంకో 250 డాలర్లు రాసి పెట్టారు. దాని పేరు నిజాయితీ రుసుము. బుద్ధిగా ఉండి వేళకు తిరిగొస్తే ఆ సొమ్ము వాపస్ ఇవ్వొచ్చట, కాకపోతే వీసా గడువు తీరాక. మనవాళ్లకిచ్చే టూరిస్టు వీసాకు మామూలుగా పదేండ్ల గడువు. పెద్దనాయిన ఇప్పుడు డెబ్బయి ఆరు దాటాడు. ఎనభై ఆరో ఏట ఆ డబ్బు తెచ్చుకుని దర్జాగా ఖర్చు పెట్టుకోవచ్చు.

ఒకప్పుడు ఈ వీసా కోసం చెన్నై పోవాల్సి వచ్చేది. హైదరాబాద్‌లో కాన్సులేట్ 2008లో తెరిచారు, 2023లో నానక్‌రామ్‌గూడలో కొత్త భవనం కట్టుకున్నారు. భవనం పెరిగింది గానీ వరుస తరగలేదు. కరోనా తర్వాత ఒక దశలో మన దేశంలో ఇంటర్వ్యూ తేదీకి రెండేళ్లు పైబడి ఆగాల్సి వచ్చింది. కానుపుకు బయల్దేరిన అవ్వ పిల్లవాణ్ని బడిలో వేసేనాటికి చేరుతుందన్నమాట. 79 దాటినవాళ్లకు ఇంటర్వ్యూ మినహాయింపన్నా ఉండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి దాన్నీ ఎత్తేశారు. చేతికర్ర పట్టుకున్న అవ్వ అమెరికాలో ఎవరి ఉద్యోగం కొట్టేస్తుందోనన్న జాగ్రత్త కాబోలు. వేలిముద్రలకు వేరుగా హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కు పోవాలి. పార పట్టి గీతలు అరిగిన పెద్దనాయిన వేళ్లను రేషన్ షాపు మిషనే గుర్తుపట్టదు, అమెరికా మిషను ఏమంటుందోనని ఇంటిల్లిపాదికీ దిగులు. ఇక చిలుకూరు బాలాజీ సంగతి సరేసరి. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, వీసా వస్తే 108. మోకాళ్ల లెక్కన చూస్తే వీసా రాకపోవడమే ఆరోగ్యం.

అసలు మాట ఇక్కడుంది. చాలా ఏండ్ల కింద పెద్దనాయిన కొడుకు కూడా ఇట్లాంటి కిటికీ ముందే నిలబడ్డాడు. స్టూడెంట్ వీసాకూ అదే 214(బి). “చదువు కాంగనే ఇండియాకు వాపస్ వస్త, అమ్మానాయిన ఉన్నరు, భూమి ఉన్నది” అని ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు. ఆఫీసర్ నమ్మాడు, స్టాంపు పడింది. ఎంఎస్ అయింది, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డాడు. ఒక్క దేశానికి ఏడు శాతం మించి ఇవ్వొద్దన్న నియమం పుణ్యాన ఆ వరుస కదలడానికి దశాబ్దాలు పడుతుంది. తిరిగిరానివాడు వస్తానంటే నమ్మిన సర్కారు, తిరిగొచ్చేవాడు వస్తానంటే సాక్ష్యం అడుగుతోంది.

వాపస్ రావడంలో మా పాలమూరుకున్న అనుభవం ఇంకెవరికుంది? దేశంలో పెద్ద పెద్ద డ్యాములు, కాలువలు తవ్విన చోటల్లా పాలమూరు లేబర్ పేరు వినపడింది. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, పిల్లలను అవ్వల దగ్గర వదిలి, మూటలు నెత్తికెత్తుకుని పోయినవాళ్లు పండుగకో, వానాకాలానికో ఊరు చేరుకున్నారు. వాళ్లను ఏ కిటికీ దగ్గరా ఎవ్వరూ రుజువు అడగలేదు. పెద్దనాయినా ఆ బాపతే. డల్లాస్‌లో కారు నడపరానివాడు ఇంట్లో ఖైదీతో సమానం. గడప దాటి తంబాకు కొనుక్కునే దుకాణం లేదు, అరుగు లేదు, అరుగు మీద పంచాయితీ పెట్టే దోస్తు లేడు. మూడో నెలకే “టికెట్ ముందుకు జరిపియ్ బిడ్డా” అంటాడు. ఆయన్ను అక్కడ ఉంచాలంటే అమెరికా వాళ్లకు కొత్త చట్టం కావాలి, పంపడానికి కాదు.

కనుక ఒక మనవి. 214(బి) మంచి సెక్షనే, తీసేయొద్దు. దాన్ని మాకూ కొంచెం అప్పియ్యండి. శంషాబాద్ విమానాశ్రయంలో ఒక కిటికీ పెట్టి అవతల పెద్దమ్మను కూర్చోబెడతాం. బ్యాగులు సర్దుకుని పోయే ప్రతి పిల్లవాణ్నీ ఆమె అడుగుతుంది. వాపస్ వస్తవా? ఎప్పుడు? రుజువేంది? పోయినసారి గిట్లనే అని పోయినోడు ఏమైండు? సరైన జవాబు చెప్పిన వాళ్లనే విమానం ఎక్కనిస్తాం. ఆ రోజు పైలటూ, ఆయన సిబ్బందీ మాత్రమే పోతారు. వాళ్లయితే తప్పకుండా వాపస్ వస్తారు, డ్యూటీ చార్టులో రాసి ఉంటుంది గనుక.