24 గంటల్లో గూగుల్ దర్శనం

తిరుమల దర్శనానికి దళారులు ఉన్నట్టే గూగుల్ దర్శనానికీ ఉన్నారు. ‘24 గంటల్లో ఇండెక్సింగ్, 500 సెర్చ్ ఇంజన్లలో సబ్మిషన్, మొదటి పేజీ గ్యారంటీ’ అన్నది వీళ్ల పాట. 500 అక్కర్లేదు, ఓ పది పేర్లు చెప్పమంటే గూగుల్, బింగ్ దాటాక నీళ్లు నములుతారు. యాహూ వడ్డించేది బింగ్ వంటకమే. ఆల్టావిస్టా 2013లోనే కాలం చేసింది. దానికి కూడా సబ్మిషన్ పెడుతుంటే అది తద్దినం కిందికి వస్తుంది.

డబ్బు తీసుకుని ఏ సైటునూ పైకి జరపబోమని, మొదటి ర్యాంకుకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. సైట్‌మ్యాప్ ఇచ్చుకునే సెర్చ్ కన్సోల్ ఉచితం. అయితే సైట్‌మ్యాప్ ఇవ్వడమంటే అర్జీ పెట్టుకోవడమే, మంజూరు కాదు.

సూర్యాపేట జిల్లా తిరుమలగిరి వాళ్లకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 2025 జులై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీని ముఖ్యమంత్రి ప్రారంభించింది ఆ ఊళ్లోనే. అర్జీ ఒకటి, విచారణ ఇంకొకటి, కార్డు చేతికి రావడం మరొకటి. గూగుల్‌దీ అదే వరస: లింకు దొరకాలి, బాటు అనే గూగుల్ ప్రోగ్రాం వచ్చి పేజీ చదవాలి, ఆ తర్వాత మనసైతే ఇండెక్సులో చేర్చుకోవాలి. చదివి కూడా పక్కన పెట్టిన పేజీలకు సెర్చ్ కన్సోల్‌లో ఒక వరసే ఉంది: ‘క్రాల్ చేశాం, ప్రస్తుతానికి ఇండెక్స్ చేయలేదు’. మన ఆఫీసుల భాషలో ‘ఫైలు పరిశీలనలో ఉంది’.

ఆ ఊళ్లో ఎరువుల దుకాణం ఆసామి ఒకాయన వెబ్‌సైటు పెట్టించాడనుకుందాం. కట్టేటప్పుడు వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే గడిలో టిక్కు పెడతారు, పని పూర్తికాక ముందే చుట్టాలు దిగకూడదని. గృహప్రవేశం అయ్యాక ఆ టిక్కు తీయడం మరిచిపోతారు. బాటు వస్తుంది, గుమ్మానికి కట్టిన ‘నోఇండెక్స్’ చూస్తుంది, మర్యాదగా తిరిగిపోతుంది. దళారీ మాత్రం నెలనెలా సబ్మిషన్ రిపోర్టు పంపుతూనే ఉంటాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమే ఇది. కాకపోతే ఇక్కడ వెతికినందుకు నెల జీతం!

టిక్కు తీస్తే తీరిందా? దుకాణం పేరు, సరుకు, చిరునామా అన్నీ ఫ్లెక్సీ బొమ్మగా ఎక్కించారు. మిగిలింది డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టింది కొట్టినట్టే అతికించారు. అది కంటికి తెలుగు, కంప్యూటరుకు పిచ్చిగీతలు. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. అయినా 2000ల దశకంలో పెద్ద పత్రికల సైట్లే సొంత ఫాంట్లతో నడిచాయి. వాటిని యూనికోడ్‌లో చదవాలంటే ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే తోకను తగిలించుకోవాల్సి వచ్చేది.

ఊరి పేరుదీ చిక్కే. సూర్యాపేట జిల్లాలో ఒక తిరుమలగిరి, నల్లగొండ జిల్లాలో తిరుమలగిరి సాగర్, సికింద్రాబాద్‌లో మరో తిరుమలగిరి. ఆఖరిదాన్ని ఇంగ్లిష్ దొరలు ‘ట్రిమల్గెరీ’ చేసి వదిలారు. సైటులో జిల్లా పేరైనా అక్షరాల్లో లేకపోతే బాటు ఏ ఊరనుకోవాలి? ‘బెస్ట్ షాప్ ఇన్ తిరుమలగిరి అని మెటా కీవర్డ్స్‌లో నలభైసార్లు కొట్టినం కద’ అంటాడు దళారీ. ర్యాంకు ఇచ్చేటప్పుడు ఆ కీవర్డ్స్ వైపు చూడనే చూడనని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

నెల గడిచింది. సైటు జాడలేదని ఆసామి ఫోన్ చేశాడు. అవతల జవాబు సిద్ధంగానే ఉంది: ‘గూగుల్ అల్గారిథం మారింది సార్. బింగ్‌ల ఎక్కిద్దాం, ఇంకో రెండు వేలైతది.’