గొట్టం మార్పిడి పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మా మేనల్లుడు పాత బుల్లెట్ ఒకటి కొన్నాడు. కార్బురేటర్ బండి, నల్ల రంగు, మూడో చెయ్యి. కొన్న వారంలోపే దాని సైలెన్సర్ మార్చాడు. ఏలూరు పవర్‌పేటలో మా వీధివాళ్లు ఆ సంగతి తెల్లవారుజామున అయిదింటికి, అరుగు దిగకుండానే తెలుసుకున్నారు. తెలుగు మాస్టారుగా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, తిట్టడం మర్యాద కాదని పద్యం కట్టాను. మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు. నాకెవరూ దొరక్క, నా పద్యానికి నేనే వ్యాఖ్య రాసుకుంటున్నాను. ఇందులో ఓ సుఖం ఉంది. కవి హృదయం తెలియలేదని ఎవరూ అనలేరు.

మూలం

ఆటవెలది:
పాత గొట్టమిప్పి పక్కన పారేసి
కొత్త గొట్టమొకటి కొని బిగించి
గాలిడబ్బ మూత గబగబ తీసేసి
ఊరినెల్ల లేపె నొక్కడతడు

ప్రతిపదార్థం

పాత గొట్టము = కంపెనీవాడు బండితో ఇచ్చిన సైలెన్సరును; ఇప్పి = పానా పెట్టి నట్లు ఊడదీసి; పక్కన = షెడ్డు గోడవార; పారేసి = మళ్లీ దానివంక చూడక; కొత్త గొట్టము ఒకటి = లోపల ఏమీ లేనిది, ఏమీ లేనందుకే ధర ఎక్కువైనది, ఫ్రీ ఫ్లో అనబడునది; కొని = తండ్రికి తెలియనీయక కొని; బిగించి = బెండు పైపుకు తగిలించి; గాలిడబ్బ మూత = ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూతను; గబగబ = మెకానిక్ వద్దంటున్నా వినక; తీసేసి = తొలగించి; అతడు ఒక్కడు = అతడొక్కడే; ఊరిని ఎల్ల = పవర్‌పేట మొదలుకొని ఫైర్‌స్టేషన్ సెంటర్ దాకా; లేపెను = నిద్ర లేపెను.

తాత్పర్యం

ఉన్నదాన్ని తీసి లేనిదాన్ని బిగించాడని భావం.

విశేషాలు

ఇప్పి: ‘విప్పి’ సాధువు. కానీ ‘గొట్టము విప్పి’ అంటే వ్యాకరణం నిలుస్తుంది, గణం చెడుతుంది. పైగా ఏలూరు షెడ్లలో ఎవరూ సైలెన్సర్ విప్పరు, ఇప్పుతారు. ప్రయోగ శరణం వ్యాకరణం గనుక దోషం లేదు.

గొట్టము: రెండు పాదాల్లో రెండుసార్లు వచ్చింది. పునరుక్తి కాదా? కాదు. మొదటిది మోత మింగే గొట్టం, రెండోది మోత కక్కే గొట్టం. సైలెన్సర్ అంటేనే నోరు మూయించేది. ఆ పేరుగల వస్తువును నోరు తెరిపించడానికే కొనడం విరోధాభాసాలంకారం. తుపాకీకి సైలెన్సర్ కనిపెట్టి 1909లో పేటెంటు పొందిన హైరమ్ పెర్సీ మాగ్జిమ్, మోటారు బళ్ల మోత తగ్గించే పనీ చేశాడు. అతని తండ్రి మాగ్జిమ్ మెషిన్‌గన్ కనిపెట్టినవాడు. తండ్రి పెట్టిన రొదను కొడుకు అణచడం వాళ్లింట్లో జరిగింది. మా ఇంట్లో తిరగబడింది.

లేపెను: ఇక్కడ ధ్వని ఉంది. కావ్యానికి ఆత్మ ధ్వని అని ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని తేల్చాడు. బుల్లెట్‌కు ఆత్మ సౌండు అని మావాడు పవర్‌పేటలో తేల్చాడు. అయితే ఆలంకారికుల ధ్వని పైకి చెప్పనిది, తట్టి ఊరుకునేది. మావాడిది వాచ్యమే. ఒకే సిలిండరున్న ఫోర్ స్ట్రోక్ ఇంజను చక్రం రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుతుంది. నిమిషానికి వెయ్యి చుట్ల మీద ఊరికే నిలబడ్డా సెకనుకు ఎనిమిది పేలుళ్లు. వాటి మధ్య జాగా వినపడుతుంది కనుకే ఆ డుగుడుగు. ఆ లయ అందమైనదేనని వ్యాఖ్యాత ఒప్పుకుంటున్నాడు. అయిదింటికి మాత్రం ఒప్పుకోడు.

గాలిడబ్బ: పద్యానికి ప్రాణం ఈ పాదంలో ఉంది. మూత తీసిన మూడోరోజునుంచి బండి పరుగులో వెలితి కనపడింది. యాక్సిలరేటర్ వదిలితే గొట్టంలోంచి టపాకాయలు. మావాడు దాన్నీ గొప్ప కింద జమ వేసుకున్నాడు. నేను షెడ్డుకు వెళ్లాను. మెకానిక్ ప్లగ్గు ఊడదీసి, చొక్కా అంచుతో పట్టుకుని నా కళ్లద్దాల దగ్గర పెట్టాడు. దాని మొన సున్నం వేసినట్టు తెల్లగా ఉంది.

“బిస్కెట్ రంగులో ఉండాలండి మాస్టారూ. తెల్లబడిందంటే ఒళ్లు కాలిపోతందన్నమాట. గాలి పెంచేసేడండి, పెట్రోలు పెంచలేదండి. అన్నం పెంచి కూర పెంచకపోతే ముద్ద దిగద్దేంటండీ?”

మల్లినాథుడు ఇంతకంటే బాగా చెప్పడు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమం వేడి పుట్టిస్తుంది. సరిగా మండక మిగిలిన ఆవిరి వేడి గొట్టంలోకి వెళ్లి అక్కడ అంటుకుంటుంది, అదే టపాకాయ. మందు మెయిన్ జెట్టు మార్చడం. జెట్టంటే పెద్దదేం కాదు, సూది బెజ్జమంత కన్నమున్న చిన్న ఇత్తడి మర. ఆ కన్నం వెంట్రుకవాసి పెరిగితే ముద్దకు కూర సరిపోతుంది. 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్-6 బళ్లకైతే ఈ జెట్టు వైద్యం పనిచెయ్యదు. వాటి గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, పొగను శుద్ధి చేసే కన్వర్టర్ ఉంటుంది. గొట్టం మారిస్తే లెక్కలు కట్టే కంప్యూటరుకే మతి పోతుంది.

ఇక మూత లేని డబ్బలోకి వెళ్లేది ఒట్టి గాలి కాదు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లుల ఊక ధూళి, కొల్లేటి గట్ల మీద చేపల లారీలు లేపే దుమ్ము. వాయుభక్షణ చేసే మునులకైనా ఆ ఆహారం అరగదు.

ఒక్కడతడు: ఈ ఏకవచనం నిలుస్తుందో లేదో చివర తేలుతుంది. ముందు బండికే ఒక పరీక్ష. గొట్టం మార్చాక బండి వేగం పెరిగిందని మావాడు పట్టుబట్టాడు. తేల్చుకుందామని తాడేపల్లిగూడెం వెళ్లాం. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది, ఇప్పుడు విమానాలు దిగవు. వెనక సీటులో నేను, చేతిలో గడియారం. వెళ్లేటప్పుడు పాత గొట్టాన్ని గోనెసంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. రన్‌వే ఈ చివరనుంచి ఆ చివరకు కొత్త గొట్టంతో ఒకసారి, అది ఇప్పి పాతది బిగించి ఇంకోసారి. నా గడియారానికి తేడా దొరకలేదు. “కాని మావయ్యా, కొత్తదాంతో స్పీడుగా వెళ్లినట్టు లేదూ?” అన్నాడు. ఉంది. చెవికి అందినదంతా చక్రానికి అందదు.

నూట ఇరవై: ఇది పద్యంలో లేదు, వ్యాఖ్యాత తెచ్చాడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో సైలెన్సర్ ఉండి తీరాలని చెప్పేది 120వ నియమం. వాయువు విస్తరించే గదితోనో మరో విధంగానో మోత అణచాలని దాని సారం. 175 సీసీ దాటిన కొత్త బండికి 80 డెసిబెళ్లు హద్దు. పది డెసిబెళ్లు పెరిగితే ధ్వని తీవ్రత పదింతలవుతుందని గ్రహించాలి. హద్దు మీరినవాడికి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. పైన మూడు నెలలు లైసెన్సు ఉండదు. పట్టుకున్న గొట్టాలను పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించే ఫొటోలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

ఇదే 120 మా పక్కన ఇంకోచోట ఉంది. కొల్లేరు సరస్సును అభయారణ్యంగా ప్రకటించిన 1999 అక్టోబరు 4 నాటి జీవో నంబరూ 120. సంఖ్యాశ్లేష అని కొట్టిపారెయ్యబోయాను. కాని ఒకరోజు షెడ్డులో అతుకు వెయ్యడానికి అడ్డంగా కోసిన పాత సైలెన్సర్ కనపడింది. వంగి చూశాను. మసి పట్టిన మూడు గదులు, మధ్యలో గోడలు, పొడుగూ పొట్టీ గొట్టాలు. ఇంజనునుంచి తోసుకొచ్చిన పొగ మొదటి గదిలో పడి ఒళ్లు విరుచుకుంటుంది. అక్కడ ఒత్తిడి దిగుతుంది. వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు తిరిగి వెళ్లేలోపు ఎదురెదురు అలలు ఢీకొని ఒకదాన్నొకటి మింగుతాయి. ఆఖరి సన్న గొట్టంలోంచి బయటికొచ్చేది నిట్టూర్పే.

కొల్లేరూ అలాంటి గదే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ వచ్చి కొల్లేట్లో పడతాయి. పోయే దారి ఒక్క ఉప్పుటేరే. కృష్ణకూ గోదావరికీ నడుమ ఆ గది ఉండబట్టే వరద ఒళ్లు విరుచుకుని, నెమ్మదించి, సముద్రం దారి పడుతుంది. ఆ గదిని చేపల చెరువుల గట్లతో కుదించాం. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చారు. పేల్చినచోట మళ్లీ గట్లు లేచాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లకూ దారి ఇటే. ఏలూరును రెండు పాయలుగా చుట్టుకునే తమ్మిలేరు పొంగినప్పుడు, అయిదింటికి మావాడి బండిని తిట్టుకునే మేమే, గదిని పోగొట్టుకున్న నీటి రొద వింటాం. ఆ గొట్టం మార్చినవాడు మాత్రం ఒక్కడు కాదు.

పాఠాంతరం

మావాడు మొన్న బండి బేరం పెట్టాడు. కైకలూరునుంచి ఒకతను చూడ్డానికొచ్చాడు. స్టార్ట్ చేసి, రెండుసార్లు రైజ్ చేసి, ఆపి, “సౌండు బానే ఉందండి. కంపెనీ సైలెన్సర్ ఉందాండీ?” అన్నాడు. బేరానికొచ్చిన ముగ్గురూ ఇదే అడిగారు. మావాడు మాట్లాడకుండా ఇంట్లోకి పోయి, నిచ్చెనేసుకుని, అటక మీదనుంచి గోనెసంచి మూట దించాడు. విప్పితే లోపల పాత గొట్టం, తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంది. నూనె నేను రాయలేదు.

కాబట్టి మొదటి పాదంలో ‘పక్కన పారేసి’ అన్నచోట ‘పక్కన దాచేసి’ అని దిద్దుకోవాలి. యతికి ఇబ్బంది లేదు, గణం చెడదు. కొల్లేటి విషయంలో మాత్రం ఈ పాఠం కుదరదు. దానికి అటక లేదు.