ఆ అంకె ఎక్కడిది?

మా రోజుల్లో అంకె చెబితే చాలదు, ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు అని నిలదీసేవారు. మొన్న విశాఖ కూర్మన్నపాలెంలో మా మనవడు ల్యాప్‌టాప్ ముందేసుకుని కోక్ ఓవెన్ గ్యాస్ మంట లెక్క కడుతున్నాడు.

"ఒరేయ్, హైడ్రోజన్ పరమాణువు ఆక్సిజన్‌ను ఢీకొని చీల్చే వేగం నీకెక్కడిదిరా?"

"సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది తాతయ్యా."

నా ప్రాణం ఉసూరుమంది. ఆ గ్యాస్‌లో సగానికి పైగా హైడ్రోజనే. స్టీల్ ప్లాంట్‌లో దానితోనే నా తల నెరిసింది. గ్యాస్‌లో ఏది ఎంతుందో కొలిచే ఆర్సాట్ పరికరంలో గ్యాస్‌ను పొటాష్ ద్రావణంలోకి నెట్టి, వెనక్కి లాగి, బ్యూరెట్‌లో మట్టాలు సమం చేసి చదివేవాళ్ళం. చెయ్యి తొందరపడితే మళ్ళీ మొదటినుంచీ చెయ్యాల్సిందే.

వాడి అంకె వెనక ఇంకా పెద్ద తపస్సుంది. 1500 కెల్విన్‌లో చర్య ఎంత వేగమో మామూలు కొలిమిలో తేలదు. గ్యాస్ వేడెక్కేలోపే చర్య అయిపోతుంది. అందుకే షాక్ ట్యూబ్. ఒకవైపు ఒత్తిడి పెట్టిన హీలియం, రెండోవైపు ఆర్గాన్‌లో పలచగా కలిపిన గ్యాస్, మధ్యన అల్యూమినియం రేకు. రేకు ఫట్‌మని చినిగితే పూరేకుల్లా విచ్చుకుంటుంది. షాక్ తరంగం దూసుకెళ్ళి చివరి గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. అక్కడి గ్యాస్ మైక్రోసెకన్లలో భగ్గున వేడెక్కుతుంది. కొలవడానికి చిక్కేది మహా అయితే ఒకటి రెండు మిల్లీసెకన్లు.

ఆ వేడికి థర్మామీటరు లేదు, తరంగం వేగం నుంచే లెక్కకట్టాలి. అర మీటరు ఎడంలో రెండు సెన్సర్లు. మధ్య 500 మైక్రోసెకన్లు పడితే సెకనుకు కిలోమీటరు. ఆ వేగం ఒక్క శాతం తప్పితే ఉష్ణోగ్రత సుమారు రెండు శాతం తప్పుతుంది. గట్టి బంధం తెగే చర్యలో వేగం అంతకు ఎన్నో రెట్లు తేడా కొడుతుంది! ఆ రోజుల్లో ఆసిలోస్కోప్ గీతను ఫొటో తీసి, స్కేలు పెట్టి కొలిచిన వాళ్ళ ఓపికకు దండం పెట్టాలి.

ఇప్పుడు లేజర్లొచ్చాయి, డిజిటల్ రికార్డర్లొచ్చాయి. మంచిదే. మీథేన్ మంటకు వాడే జీఆర్ఐ-మెక్ 3.0 అనే చర్యల పట్టికలో 325 చర్యలున్నాయి. ముఖ్యమైన వాటి వేగాలు ఎన్నో షాక్ ట్యూబుల్లో తేలినవే. పిల్లలకు ఆ సంగతి చెప్పేవాళ్ళే లేరు.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కె.పి.జె. రెడ్డి, ఎన్. శరత్ చేత్తో పిస్టన్ నెట్టి నడిపే షాక్ ట్యూబ్ తయారుచేసి, 2013లో 'కరెంట్ సైన్స్'లో ప్రచురించారు. విశాఖ కాలేజీల మాస్టార్లూ, అలాంటిదొక్కటి తెప్పించండి. పిస్టన్ పిల్లల చేతే నెట్టించండి.