లోపలి అంచు

నేను టైరును. కరీంనగర్‌లో ఒక పిల్లగాడి స్విఫ్ట్ కారుకు ముందు ఎడమ పక్కన తిరిగిన 185/65 ఆర్15 టైరును. నా ఒంటి మీద అచ్చుపోసిన 2322 అనే నాలుగంకెలే నా జన్మపత్రిక. 2022లో 23వ వారంలో పుట్టాను.

మొదట్లో నిటారుగా నిలబడి, వెడల్పంతా సమానంగా రోడ్డుకు ఆనించి తిరిగాను. తర్వాత మా ఓనరుకు బండి కిందికి దించాలని మనసైంది. పొట్టి స్ప్రింగులు వేయించాడు. మానేరు డ్యాం కట్ట మీద నిలబెట్టి ఫొటోలు తీసుకుంటుంటే నాకూ ముచ్చటేసింది.

కానీ బండి దిగితే నా నిలకడ మారుతుంది. కింది ఆర్మ్ వాలు మారి నా తల లోపలికి ఒరిగింది. మెకానిక్కులు దీన్నే నెగెటివ్ క్యాంబర్ అంటారు. టై రాడ్ వాలు కూడా మారడంతో నేనూ, కుడిపక్కన ఉన్న నా జోడూ చెరో దిక్కు చూడసాగాం. అది టో-అవుట్. బండి ఒక దారిన, నేనొక దారిన గుంజుకుంటూ ప్రతి చుట్టుకూ లోపలి అంచును రోడ్డుకు రాసుకున్నాను.

స్ప్రింగులు వేసిన రోజే ఒకచోట అలైన్‌మెంట్ చేయించాడు. నాలుగు రోజులు తిరిగాక స్ప్రింగులు కుదురుకుని బండి ఇంకాస్త దిగింది. ఆ లెక్కలన్నీ తప్పిపోయాయి. బయటివైపు నా గాడులు నిండుగానే కనిపించేవి. లోపలివైపు మాత్రం అరుగుదల హద్దు చెప్పే 1.6 మిల్లీమీటర్ల గుర్తు కూడా చెరిగిపోయింది.

వానాకాలంలో ఆదిలాబాద్ పెళ్లికి బయల్దేరాం. జగిత్యాల, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే తడి మలుపులో నా పట్టు జారింది. నీళ్లను తోసెయ్యడానికి లోపలి పక్క గాడులు లేవు. ఎదురుగా లారీ లేదు కాబట్టి బతికిపోయాం.

ఆదిలాబాద్‌లో అలైన్‌మెంట్ షాపుకు పోతే ర్యాంపుకు బంపర్ తగిలింది. మేస్త్రీ చెక్కపలకలు వేసి బండిని ఎక్కించాడు. మిషన్ ముట్టకుండా ముందు నా వెనక్కి చెయ్యి పోనిచ్చి లోపలి అంచు నిమిరాడు. అది రంపం పళ్లలా గరుకుగా ఉంది.

"చెయ్యి పెట్టి చూడు తమ్మీ. బయట కొత్తగున్నది, లోపల తీగలు తేలినయ్."

"అలైన్‌మెంట్ చేయించిన కదన్నా?"

"బండి కుదురుకోకముందు చేయిస్తే ఏం లాభం?"

మమ్మల్నిద్దరినీ విప్పి కొత్త జత వేశాడు. గాలి సరిచూశాడు. బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు ఊపి వదులు లేదని తేల్చుకున్నాడు. మర్నాడు క్యాంబర్ బోల్టులు తెప్పించి, స్ట్రట్ దగ్గర బిగించి, రెండు పక్కలా వాలు తగ్గించి సమం చేశాడు. స్టీరింగును నడిమికి కట్టేసి, టోను సున్నా దగ్గరికి తెచ్చాడు. క్యాంబర్ కదిపితే టో మారుతుంది, అందుకే టో పని చివరికి. వెనక బీమ్‌కు తిప్పే బోల్టులు లేవు గనుక అక్కడ కొలిచి మాత్రం చూశాడు.

అప్పటి నుంచి నేను ఆ షాపు గుమ్మం పక్కనే ఉన్నాను. దించిన బండి తెచ్చే ప్రతి పిల్లగాడి చెయ్యినీ మేస్త్రీ నా లోపలి అంచు మీద పెడతాడు. తీగ గుచ్చుకోగానే వాళ్లు చెయ్యి వెనక్కి లాక్కుంటారు. తర్వాత మోకాళ్ల మీద వంగి, తమ బండి కిందికి చూస్తారు.