కమాను రాతి ఆత్మకథ

నేను హైదరాబాదు పత్తర్‌గట్టిలో, మదీనా భవనమునుండి మచ్లీ కమాను వైపు సాగు బాట ప్రక్కన, ఒక కమాను నడినెత్తిన కూర్చున్న శిలను. ఇరుప్రక్కల రాళ్లు నన్ను నొక్కుచున్నంతకాలమే నేను నిలుతును. నేను నిలిచినంతకాలమే అవియు నిలుచును. పరస్పరభారమే బలముగా బ్రదుకు కులమున పుట్టినదానను గనుక, వీథిలోని తగవులను వినునప్పుడు ఒక్క పక్షము వహించుట నాకు చేతకాదు.

నా పుట్టుకకు మూలము ఒక జలప్రళయము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొనిన పిమ్మట, ఎగువను ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు వెలసినవి. నగరములోని ఇరుకు పేటలను విప్పి వెడల్పు బాటలు వేయుటకై, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. కొండగానున్న నేను ఆ మండలి పూనికవలన ఉలిదెబ్బలు తిని కమానులోనికెక్కితిని. క్రింద దుకాణముల మల్గీలు, పైన నివాసములు, ముందర నడచువారికి ఎండవానలు సోకని నీడ: ఇదియే మా కట్టడమునందలి యాంతర్యము. నన్ను వారసత్వసంపదయని కొనియాడు పెద్దలు, నాకు చోటిచ్చుటకై ఎవరి యిండ్లు తొలగెనో యడుగరు. బాట వెడల్పుకొఱకే పుట్టినదానను గనుక, క్రొత్త బాటలను నిందించు నధికారము నాకు లేదు.

కాలక్రమమున మా నీడలోనికి మల్గీలనుండి బట్టల తానులు, అత్తరు బల్లలు దిగినవి. నడచువాడు బాటపైకి జారెను. ఆటోలు వాని వెన్నంటెను. అంతట చార్మినారు పరిసరములను పాదచారులకే విడువవలెనను పథకము బయలుదేరినది. బండ్లు పోవుటకు వేఱు దారి వలయును గదా! అందుకై సుమారు 2.3 కిలోమీటర్ల లోపలి వలయమును, 5.4 కిలోమీటర్ల వెలుపలి వలయమును గీసిరి. పటముపై సన్నని గీతయైన ఆ చుట్టుదారి, నేలమీదికి దిగి గల్లీల గోడలపై పడినపుడు, ఒకరి వంటయింటిని, ఇంకొకరి దుకాణములో సగమును కోరుచున్నట్లు తేలెను.

ఎదిరించినవారందఱి బాధయు నొక్కటి కాదు. పలువురు వారసుల నడుమ చీలిన యింటికి పరిహారము ఎవరి చేతికందవలెనో తేలదు. వక్ఫు ఆస్తిలో తరతరములుగా కిరాయికున్నవానికి దుకాణము పోవును గాని స్థలము వెల రాదు. ఇక మా క్రింద గాజులమ్ము తోపుడుబండివాడు తన నేస్తముతో, “భాయ్, బండ్లు అటు తిప్పితే గిరాకీ గూడ అటే పోతది, ఈడ నిలబడి ఎవరికమ్మాలె?” అనగా, “గిరాకీ సంగతి తర్వాత, రేపు నీ అడ్డా ఉంటదా, అది జూడు” అని యతడు బదులుపలికెను. వీరందఱి వాదములు విని నవ్విన అధికారులను చూచితిని. ఆ వాదములను తమ యెన్నికలకు వాడుకొనిన నాయకులనును చూచితిని. ఏండ్లు గడచినను వలయము అచ్చటచ్చట తెగియే యుండెను.

2024 మార్చిలో పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన జరిగినది. ఆ దారి నన్ను తాకదు; దారుల్‌షిఫా, పురానీ హవేలీల మీదుగా పోవును. అచ్చటను బాట వెడల్పునకై ఇండ్లు కొలిచిరి, అవే ప్రశ్నలు లేచినవి.

న్యాయమునకు మార్గము మునుపే యున్నది. నన్ను నిలిపిన మండలియే మురికిపేటలను తొలగించి, పేదలకు ఇండ్లు కట్టించినది. 2014 నాటి వీథి వ్యాపారుల చట్టము, వ్యాపారుల లెక్క ముగియకమునుపు వారిలో ఎవ్వరినిని కదలింపరాదనుచున్నది. కావున తొలగువారికి చోటు ముందు, బాట వెనుక. ఆ రెంటికిని ముందు చేయదగిన పని యొకటి కలదు: నడచువానికై మీ తాతలు కట్టించిన మా ముంగిలి నీడలోని మల్గీల సరకును మొదట లోనికి తీయించి, ఆ నీడను వానికి తిరిగి యిప్పింపుడు. చుట్టుదారికి ఇంకను ఎన్ని గోడలు కావలయునో అటుపిమ్మట కొలువుడు.