మూడు వేళ్లు

సూరత్‌లోని లింబాయత్. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి పోయి సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్న పద్మశాలీల గల్లీ. అందులో ఒక ఇంట్లోకి నాలుగు నెలల కుక్కపిల్ల కొత్తగా వచ్చింది. కార్ఖానా గేటు దగ్గర తల్లి లేక తిరుగుతుంటే ఇంటాయన రాత్రి పాళీ దిగి వస్తూ చంకనేసుకొచ్చాడు. గోధుమరంగు కదా, చుట్టుపక్కల గుజరాతీ పిల్లలు భూరియా అన్నారు. ఆ పేరే ఉండిపోయింది.

వారం తిరగకముందే భూరియా చెప్పులు కొరికింది, మంచం పట్టె కొరికింది, ఇంటామె కొంగు చింపింది. ఒకనాడు నేల మీద నెత్తుటి చుక్కలు కనబడేసరికి మూడో తరగతి చదివే బిడ్డ ఏడుపందుకుంది. పారాసిటమాల్ సగం తుంచి పాలల్లో కలుపుదామంది తల్లి. తండ్రి ఆపి, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

ఆపడమే మేలైంది. మనుషుల నొప్పి మాత్రలు కుక్కల ప్రాణం మీదికి తెస్తాయన్నాడు డాక్టరు. భూరియాకు జబ్బేమీ లేదు. పాలపళ్లు 28 ఊడి, గట్టిపళ్లు 42 వచ్చే కాలం. ఏడో నెలకల్లా అన్నీ వచ్చేస్తాయి, అప్పటిదాకా చిగుళ్లు సలుపుతాయి.

"నూలుబట్ట తడిపి, మెలిపెట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి నమలనియ్యండి. ఎముకలు వద్దు, పళ్లు విరుగుతాయి. చెయ్యి కొరికితే కొట్టకండి, ఆ బట్టే నోటికందించండి. రోజూ నోరు తెరిచి చూడండి. పాలపన్ను ఊడకుండానే పక్కన కొత్తది మొలిస్తే తీసుకురండి" అని చెప్పి, రేబిస్ టీకా వేసి పంపాడు.

పాలియెస్టర్ నేసే ఊళ్లో నూలుబట్ట కోసం తల్లి పెట్టె వెతికి, ఊరి నుంచి తెచ్చుకున్న పాత తువ్వాల బయటికి తీసింది. బిడ్డ దాన్ని ముక్కలు చేసి, తడిపి, పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించింది. చల్లబట్ట దొరికిన పూట భూరియా ఎవరి జోలికీ పోలేదు.

ఆ ఇంట్లో నోటికి హాయి వెతుక్కునే ప్రాణి ఇంకొకటి ఉంది. ఏడాదిగా ఇంటాయన కూరలో పెరుగు కలుపుకుని తింటున్నాడు. జొన్నరొట్టె పప్పులో నానితే తప్ప ముట్టడు. "సూరత్ నీళ్లు వంటబట్టినయ్, మన కారం మరిచిపోయిండు" అని భార్య నవ్వేది. పన్నెండు గంటల పాళీలో నిద్ర ఆపుకోవడానికి బుగ్గన మావా పెట్టుకోవడం ఆయనకు ఎన్నో ఏళ్ల అలవాటు. గుజరాత్‌లో గుట్కాను 2012లోనే నిషేధించారు. కానీ వక్కముక్కలు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి పిసికే మావా ఇప్పటికీ పాన్ డబ్బాల్లో దొరుకుతుంది.

ఒక ఆదివారం బిడ్డ డాక్టరమ్మ అయింది. భూరియా దవడలు పట్టుకుంటే అది నోరు బార్లా తెరిచింది. కొత్తగా మొలిచిన కోరపళ్లు లెక్కబెట్టి, తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, ఇప్పుడు నువ్వు. నోరు తెరువ్."

తెరిచాడు.

"ఇంకా తెరువ్."

"ఇంతే బిడ్డా."

నోరు ఎంత తెరుచుకుందో కొలవడానికి ఎనిమిదేళ్ల పిల్ల తన చిన్న వేళ్లు మూడు నిలువుగా కలిపి పెట్టబోయింది. పట్టలేదు. రెండు పెట్టింది. అవీ పళ్లకు తగిలి ఇరుక్కున్నాయి.

"బాపూ, నీక్కూడా కొత్తపళ్లు వస్తున్నయా? బట్ట తడిపి తేవాల్నా?"

పిల్ల ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది. భార్య నవ్వలేదు.

కుక్కపిల్ల చిగుళ్ల నొప్పి ఏడో నెలకు దానంతట అదే పోతుంది. వక్క నమిలి నమిలి లోపల బిగిసిన దవడ మాత్రం దానంతట అది సడలదు. కొందరిలో అదే క్యాన్సర్‌కు దారి. కారం మండడం, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం ఇలా దవడ బిగుస్తోందనడానికి గుర్తులు. మీ ఇంట్లో మావా, గుట్కా, వక్కపొడి నమిలే మనిషి ఉంటే, ఈ రాత్రే తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకుని చూడమనండి. పట్టకపోతే రేపే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.