సేఫ్టీ బావ

మా కొత్తింటి గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా వ్రతం దగ్గర కూర్చుంటే, మా బావ ఒక్కడే బూజుకర్ర పట్టుకుని హాల్లో స్లాబు తట్టుకుంటూ తిరిగాడు. ఈశాన్యం మూల రెండుసార్లు తట్టి, చెవి రిక్కించి, పెదవి విరిచాడు. "బామ్మర్దీ, గీడ సప్పుడు జర డొల్లగ ఉన్నది" అన్నాడు. పంతులుగారి మంత్రం ఆగిపోయింది. మేస్త్రి మొహం మాడిపోయింది. ఏడేళ్లయింది, స్లాబుకు ఏమీ కాలేదు. అయినా ఆ మూలన నేను ఇప్పటికీ కుర్చీ వేసుకోను.

ముప్పై నాలుగేళ్లు భూమి కింద బతికినవాడాయన. బదిలీ ఫిల్లర్‌గా సింగరేణి బొగ్గుబాయి దిగి, సర్దారు పరీక్ష పాసై, ఓవర్‌మన్‌గా రిటైరయ్యాడు. పనిస్థలంలోకి కూలీలు రాకముందే పోయి పైకప్పును కర్రతో తట్టడం, ఖంగుమంటే రమ్మనడం, డొల్లగా మోగితే ఆపడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం పోయింది, కర్ర పోలేదు. పుచ్చకాయ, పెళ్లిలో పెట్టిన ఇత్తడి బిందె, మనవడి గుండు, ఏది కనిపించినా తట్టి చూస్తాడు. గ్యాస్ పొయ్యి వెలిగించేముందు మా అక్కను రెండడుగులు వెనక్కి జరగమంటాడు. స్కూటర్ స్టాండులో ఉన్నా హెల్మెట్ పెట్టుకునే దాని మీద కూర్చుంటాడు. రక్షణ వారోత్సవాల్లో బహుమతిగా వచ్చిన టిఫిన్ డబ్బాలు ఆ ఇంట్లో పదకొండున్నాయి. మేం ఎప్పుడు పోయినా ఏ డబ్బా ఏ సంవత్సరానిదో చెప్పకుండా అందులోంచి మురుకు బయటికి తీయడు.

గోదావరిఖనిలో ఇలాంటి బావ ఇంటికొకడు ఉంటాడు కనుక మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా బావ ప్రత్యేకత ఏమిటంటే, ఈ జాగ్రత్తనంతటినీ మూటగట్టి తీసుకుపోయి ఆన్‌లైన్ క్యాసినోలో పెట్టాడు.

పత్తాలాట ఆయనకు మొదటినుంచీ ఉంది. క్వార్టర్ల వరండాల్లో, పెళ్లి విడిదుల్లో, చావింట పదకొండో రోజున కూడా ఆడాడు. ఎవరైనా తప్పంటే సుప్రీంకోర్టును పిలిచేవాడు. "1968ల తీర్పు ఉన్నది. సికింద్రాబాద్ క్లబ్బు కేసు. రమ్మీ అంటే తెలివి ఆట, జూదం గాదు." తీర్పు నిజమే. మూడు ముక్కలాట గురించి ఆ తీర్పులోనే వేరేగా అన్నమాట మాత్రం ఆయనకు ఎప్పుడూ గుర్తుండదు. తరువాత రమ్మీ ఫోన్లోకొచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ, రమ్మీతో సహా, తలుపు మూసింది. బావ ఫోన్ తెరిస్తే 'మీ రాష్ట్రంలో అనుమతి లేదు' అని వచ్చేది. ఫోన్‌కు మనం ఏ రాష్ట్రంలో ఉన్నామో ఎలా తెలుస్తుందని ఆయన రెండు రోజులు ఆలోచించి, మూడో రోజున భక్తిమార్గం పట్టాడు.

మంథని మీదుగా కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద శివుడిదీ యముడిదీ రెండు లింగాలున్న క్షేత్రం. దండం పెట్టుకుని, వంతెన దాటితే అవతల సిరొంచ, మహారాష్ట్ర. అక్కడ రమ్మీకి అడ్డు లేదు. ఒక హోటల్లో చాయ్ తాగుతూ మూడు గంటలు ఆడి, చీకటి పడేసరికి కుంకుమ పొట్లంతో ఇల్లు చేరేవాడు. నెలకు రెండుసార్లు దర్శనం. మా అక్క పదిమందికి చెప్పుకుంది, రిటైర్‌మెంట్ దగ్గర పడ్డకొద్దీ ఆయనలో దైవచింతన పెరిగిందని. ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. రెండు లింగాలను చూపించి, "డబుల్, అర్థమైందా?" అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయన చెప్పింది శివుడి సంగతీ యముడి సంగతీ కాదు.

2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. తెలివైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట దేశంలో ఎవరూ నడపకూడదు, నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. రోజుల్లోనే పెద్ద పెద్ద రమ్మీ యాప్‌లు దుకాణం కట్టేశాయి. సిరొంచ కూడా చేజారింది. బావ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఎనిమిదో రోజు పొద్దున స్టేడియం గట్టు మీద ప్రత్యక్షమై, మొహం వెలిగిపోతుండగా, "లైసెన్స్ ఉన్నది దొరికింది" అన్నాడు.

ఆ గట్టు మీదే క్లాసు మొదలైంది. శిష్యులం నలుగురం. ఇద్దరు రిటైర్డ్ ఫిట్టర్లు, ఓపెన్ కాస్ట్ గనిలో మట్టి ఎత్తే కాంట్రాక్టులో వోల్వో నడిపే కుర్రాడు, నేను. నేను పెద్దల మీద గౌరవంతో కూర్చునేవాణ్ణి. అని అప్పట్లో చెప్పుకునేవాణ్ణి.

"ముందు లైసెన్స్ జూడాలె" అని ఫోన్ తిప్పి చూపించాడు. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఒక ముద్ర. "కురసావ్ సర్కారు ఇచ్చింది."

"కురవి దగ్గరనా?" అన్నాడు పెద్ద ఫిట్టర్. వాళ్ల ఇలవేల్పు వీరభద్రస్వామి.

కురసావ్ కరేబియన్ సముద్రంలో, వెనిజులాకు ఉత్తరాన, డచ్చి రాజ్యంలో భాగమైన చిన్న దీవి. ప్రపంచంలోని ఆన్‌లైన్ క్యాసినోల్లో చాలావాటి బోర్డు అక్కడిదే. ఆ కాగితం తెలంగాణలో చెల్లదనీ, గొడవొస్తే ఫిర్యాదు పట్టుకుని ఆ దీవికే పోవాలనీ నేను అన్నాను. లండన్‌లో ఉంటున్న మా మేనల్లుడు చెప్పిన సంగతి కూడా జోడించాను. అక్కడ లైసెన్సంటే పని చేసే లైసెన్సు. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో ఆడనివ్వరు. ఒక్కచోట పేరు రాయించుకుంటే చాలు, ఆ దేశపు లైసెన్సున్న సైట్లన్నీ నిన్ను లోపలికి రానివ్వవు. బావ శ్రద్ధగా విని, "గన్ని తలుపులు పెడితే మనిషి ఆడేదెట్ల?" అన్నాడు.

అయినా ఆయన క్లాసులో తప్పుబట్టాల్సిందేమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పాత షిఫ్టు రిపోర్టు పుస్తకం వెనక అట్ట మీద రక్షణ సూత్రాలు రాసిపెట్టాడు. దిగేముందే ఎంతతో దిగుతున్నావో లెక్కగట్టు, అది పోయినా ఇంట్లో పొయ్యి వెలగాలి. అప్పు తెచ్చి దిగకు. తాగి దిగకు. అలారం పెట్టుకో, మోగితే పైకి వచ్చెయ్. అన్నిటికన్నా గట్టి సూత్రం చెప్పేటప్పుడు లేచి నిలబడేవాడు. "పోయిన పైసల ఎనక పోవద్దు. గోఫ్‌ల కూలిన బొగ్గు కోసం పోయినట్టే. బొగ్గు మంచిగ కనవడతది. పోయినోడు కనవడడు." గోఫ్ అంటే బొగ్గు తీశాక వదిలేసిన, కప్పు కూలే జాగా. వోల్వో కుర్రాడు ఒళ్లు గగుర్పొడిచి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ కుర్రాడు తిరిగి ఎన్నడూ ఆడలేదు. బావ చదువు చెప్పిన నలుగురిలో పాసైంది వాడొక్కడే.

మాస్టారు మాత్రం అలారం మోగితే దాన్ని పది నిమిషాలు వెనక్కి నెట్టేవాడు. ఒక రాత్రి ఆ అలారం పదిహేడుసార్లు మోగిందని మా అక్క చెప్పింది. ఎందుకని అడిగితే, "సింగరేణిల ఇన్నేండ్లు ప్లేడేలు చేసిన, ఇప్పుడు దినాం ప్లేడేనే" అన్నాడట. ప్లేడే అంటే ఆదివారం డ్యూటీ, డబుల్ మస్టర్. పేరుకే ఆట, చేసేది చాకిరీ. ఇది కూడా అంతే, కాకపోతే జీతం మనమే ఇవ్వాలి.

చేరినందుకు పదివేలు బోనస్ ఇచ్చారని మొదటివారం మిఠాయి పంచాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్లబ్బాయికి కంపెనీ లాభాల వాటా వచ్చింది. 2025 దసరాకు సింగరేణి 34 శాతం, 819 కోట్లు పంచింది కదా. కొడుకు బోనస్, తండ్రి బోనస్ ఒకేసారి రావడం ఆయనకు పండుగలా అనిపించింది. నేను లెక్కల మాస్టర్ని, ఊరుకోలేక షరతులు చదివాను. ఆ పదివేలు చేతికి రావాలంటే దానికి ముప్పై అయిదింతలు, అంటే మూడున్నర లక్షల పందేలు ముందు కాయాలి. కొడుక్కి వచ్చింది తవ్విన బొగ్గుకు, తండ్రికి వచ్చింది ఇంకా తవ్వని గోతికి. ఈ మాట నేను పైకి అనలేదు. మిఠాయి నోట్లో ఉంది.

రౌలెట్ చక్రం లెక్క కూడా చెప్పాను. ముప్పై ఏడు గదులు, సున్నాతో కలిపి. ప్రతి గది మీదా వంద చొప్పున పెడితే 3,700 అవుతుంది. ఏది పడినా తిరిగొచ్చేది 3,600. ఎంత తెలివిగా ఆడినా నూటికి 2.7 వాడిది. "గంతేనా? నూటికి మూడు కూడ లేదు" అని తేలిగ్గా తీసేశాడు. అప్పుడు పెద్ద ఫిట్టర్ నింపాదిగా బీడీ ఆర్పి, "సారూ, బాయిల గ్యాస్ ఎంతుంటే మమ్ముల బయటికి తోలేటోనివి?" అని అడిగాడు. బావ అలవాటుకొద్దీ, "నూటికి ఒకటింబావు దాటితే కరెంట్ కట్, అందరు బయటికి" అని టకీమని చెప్పేసి, చెప్పాక కాసేపు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు క్లాసు తొందరగా ముగిసింది.

మర్నాడు కొత్త పద్ధతితో వచ్చాడు. నలుపు మీద పెట్టు, ఓడితే రెట్టింపు పెట్టు, ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తావు, అంతా తిరిగొస్తుంది. వంద, రెండొందలు, నాలుగొందలు. ఇది మూడు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో మొదలైన పిచ్చి. ఎనిమిదిసార్లు వరసగా ఓడితే 25,500 పోయుంటుంది, తొమ్మిదోసారి 25,600 పెట్టాలి, గెలిస్తే మిగిలేది వంద. ఎనిమిదిసార్లు వరసగా ఎర్రదే పడుతుందా అని ఆయన నవ్వాడు. మాంటే కార్లోలో 1913 ఆగస్టు 18 రాత్రి వరసగా ఇరవై ఆరుసార్లు నల్లదే పడింది, ఇక ఎర్రదే అనుకుంటూ జనం లక్షలు పోసి బిచ్చగాళ్లయ్యారని చెప్పాను. "గది వాళ్ల చక్రం. మనది లైసెన్స్ ఉన్నది" అన్నాడు. ఆ వారంలోనే నా దగ్గర ఆరువేలు బదులు తీసుకున్నాడు, మోటారు రిపేరని. మోటారు నడుస్తూనే ఉంది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ఆరువేలు కాదని పాఠకులు దయచేసి నమ్మాలి.

ఇంత ఓడినా ఆయనకు ఏమీ కాలేదు. గెలిచాకే అయింది.

ఒక శుక్రవారం తొమ్మిదివేలు గెలిచాడు. విత్‌డ్రా నొక్కితే గంటలో ఖాతాలో పడ్డాయి. స్టేడియం గట్టు మీద అందరికీ మిర్చిబజ్జీలు. పన్నెండో రోజున అక్క పింఛను తీయబోతే ఖాతా స్తంభించింది. కోల్‌మైన్స్ పింఛను ఎంతో ఈ ఊళ్లో అందరికీ తెలుసు, ఆ కాస్తా ఇరుక్కుంది. బ్యాంకులో అడిగితే తేలిన సంగతి ఇది. ఆ తొమ్మిదివేలు కురసావ్ నుంచి రాలేదు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరి పేరుమీదనో ఉన్న ఖాతా నుంచి వచ్చాయి. ఆ ఖాతాలోకి ఇంకెవరో మోసపోయిన మనిషి డబ్బు చేరింది. ఆ మనిషి 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడు. డబ్బు ఏయే ఖాతాల్లో పారిందో ఆ ఖాతాలన్నిటికీ తాళం పడింది. ఇలాంటి సైట్లు డబ్బు పుచ్చుకునేదీ ఇచ్చేదీ ఇలా అద్దె ఖాతాల్లోనే. బావ పంపిన ప్రతిసారీ అవతలి పేరు మారుతూ ఉండేది. ఒకసారి కిరాణా కొట్టు, ఒకసారి చీరల దుకాణం. ఆయన దాన్ని పెద్ద కంపెనీ లక్షణం అనుకున్నాడు.

"ఈ తొమ్మిదివేలు మీకు ఎవరు పంపారండీ?" అని మేనేజరు అడిగాడు. ముప్పై నాలుగేళ్లు పైకప్పు సప్పుడు విన్న మనిషి, కౌంటర్ చెక్కను వేలితో రెండుసార్లు తట్టి ఊరుకున్నాడు. నేను నవ్వాలనుకుని పోయినవాణ్ణి. నవ్వు రాలేదు.

ఖాతా విడిపించడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో మా అక్క ఇంట్లో లాంప్ రూం తెరిచింది. బాయిలో టోకెన్ ఇచ్చి లైటు తీసుకున్నట్టే, బావ ఒక అట్టబిళ్ళ మేకుకు తగిలించి ఫోన్ తీసుకోవాలి, గంటలో ఫోన్ ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ మీద ఆయన పాత ఉద్యోగం నంబరే రాసింది. ఫ్రిజ్ మీద గ్యాస్ బుకింగ్ నంబరు పక్కన 14416 అని రాసిపెట్టింది. మనసు బాగాలేకపోతే మాట్లాడే సర్కారు ఫోన్, టెలిమానస్. బావ రెండుసార్లు చేశాడట. ఏం మాట్లాడావంటే, "ఆ పిల్ల మంచిగ ఇన్నది. వాళ్ల ఆఫీసుల ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉన్నదో లేదో అడిగిన" అన్నాడు.

ఇక నా సంగతి. మాంటే కార్లో తేదీ అంత కచ్చితంగా నాకెలా తెలుసని మీరు అడగలేదు. బావను ఖండించడానికి పుస్తకాలు తిరగేసినప్పుడు తెలిసింది. ఖండించాలంటే ముందు స్వయంగా చూడాలని అయిదొందలు వేశాను. పాఠం కోసం. అవి 1,400 అయ్యాయి. తీద్దామంటే రెండువేలు దాటితే తప్ప ఇవ్వరట. ఇంకో ఆరువందలే కదా అని రాత్రి పదకొండున్నరకు, స్నానాలగదిలో నీళ్లు విప్పి, తలుపు గడియ పెట్టి, లెక్కల మాస్టరు చేయాల్సిన పనే చేశాను. ఆ 1,400 ఒకసారి 1,900 దాకా పోయింది, మళ్లీ 1,100కు దిగింది, ఇప్పుడు 1,350. నూటికి 2.7 అని నాకు తెలుసు. తెలిసినవాడికి తెలియనివాడికన్నా అలారం ఒకటి రెండుసార్లు ఎక్కువ మోగుతుంది, అంతే తేడా.

ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకైనా నేను చెప్పలేదు, నీళ్ల ట్యాంకు ఖాళీ అవుతుంటే ఆమే కనిపెట్టింది.

మొన్న ఆదివారం అక్కావాళ్లింటికి పోయాను. బావ గుమ్మంలోనే ఎదురొచ్చి, నా బండి టైరు తట్టి చూసి, గాలి తక్కువుందన్నాడు. మొహంలో ఏదో ఆనందం, ఎంత దాచుకున్నా దాగడంలేదు. లోపలికి పోయి చూస్తే మేకుకు రెండు అట్టబిళ్ళలు వేలాడుతున్నాయి. ఒకదాని మీద ఆయన నంబరు. రెండోది కొత్తది, దారం కూడా ఇంకా తెల్లగానే ఉంది. దాని మీద అక్క చేతిరాతలో 'లెక్కల సార్' అని ఉంది. చాయ్ ఇచ్చేముందు అక్క చెయ్యి చాపింది, ఫోన్ కోసం.

"ముందు టోకెన్, తర్వాత చాయ్. రూల్ రూలే బామ్మర్దీ" అన్నాడు బావ, పక్కన కుర్చీ లాగి నాకు చోటు చూపిస్తూ.